రాత్రి పూట మీడియం వేవ్‌లో బెంగాలీ మాటలు: ఇది ఏ స్టేషన్?

పలకల ఊరు · 2019 డిసెంబర్ 8, ఆదివారం, రాత్రి 10:50

అందరికీ నమస్కారం. నేను ఇక్కడికి కొత్త. మాది మార్కాపురం. అటక సర్దుతుంటే మా తాతయ్య ఫిలిప్స్ రేడియో దొరికింది. తోలు కవరుది, నాలుగు పెద్ద బ్యాటరీలు పడతాయి. డయల్ దారం తెగిపోయి ఉంటే మా వీధి చివర వాచీలు బాగుచేసే ఆయన కట్టి ఇచ్చారు. పగలు కడప, విజయవాడ వినిపిస్తున్నాయి. దానికే మా నాన్నమ్మ సంతోషం అంతా ఇంతా కాదు.

అసలు విషయం నిన్న రాత్రిది. తొమ్మిది దాటాక కరెంటు పోయింది. ఊరికే ముల్లు తిప్పుతుంటే బ్యాండ్ నిండా స్టేషన్లే. కన్నడం, తమిళం, హిందీ. ముల్లు 70 అంకెకు (అంటే 700 కిలోహెర్ట్జ్) కాస్త ఇటు ఉండగా ఒక ఆడమనిషి గొంతు బెంగాలీలా ఉన్న భాషలో మాట్లాడుతోంది. కాసేపు దగ్గరగా వస్తుంది, అలాగే దూరం వెళ్లిపోతుంది, మళ్లీ వస్తుంది. ఇరవై నిమిషాలు విన్నాను. కరెంటు రాగానే బర్రుమని మోత మొదలైంది, ఆమె గొంతు అందులో కలిసిపోయింది.

పగలు అదే చోట ఏమీ లేదు. ఇది ఏ స్టేషన్? ఇంత దూరం ఎలా వస్తోంది? ఏరియల్ కూడా ఏమీ పెట్టలేదు.

---

గ్యాంగ్ కండెన్సర్ · 11:20

బాబూ, స్వాగతం. నేను తెనాలిలో ముప్పై ఏళ్లకు పైగా రేడియోలు బాగుచేశాను, ఇప్పుడు మానేశాను. తాతగారి రేడియో పలికించినందుకు ముందు నీకు శభాష్.

ఏరియల్ లేదు అనుకుంటున్నావు గానీ ఉంది. వెనక మూత తీస్తే నల్లటి కడ్డీ, దాని మీద సన్నటి రాగి తీగ చుట్టి కనిపిస్తుంది. అది ఫెర్రైట్ రాడ్. మీడియం వేవ్‌కి, అంటే నువ్వు ఇప్పుడు వింటున్న బ్యాండ్‌కి, అదే ఏరియల్. పైకి లాగే స్టీలు పుల్ల షార్ట్ వేవ్‌కి, ఎఫ్ఎంకి.

నువ్వు చెప్పిన చోట రాత్రిపూట మనకు బెంగాలీ వచ్చేవి ముఖ్యంగా రెండు. ఆకాశవాణి కోల్‌కతా 657 కిలోహెర్ట్జ్, బంగ్లాదేశ్ బేతార్ ఢాకా 693. ముల్లు 70 పక్కన అంటున్నావు కాబట్టి నాకు ఢాకా మీద అనుమానం. కానీ దారం కొత్తగా కట్టిన డయల్ అంకెను నమ్మకు. దారం ఒక్క చుట్టు జారినా ముల్లు ఎక్కడికో పోతుంది.

ఒక పని చెయ్యి. సన్న కాగితం ముక్క డయల్ అద్దం కింది అంచున అతికించు. రాత్రి బెంగళూరు (612) పట్టుకుని పెన్సిల్‌తో గీత పెట్టు. తర్వాత చెన్నై (720) పట్టుకుని ఇంకో గీత. నీ బెంగాలీ స్టేషన్ ఆ రెంటి మధ్య ఎక్కడ పడుతుందో స్కేలు పెట్టి కొలువు. బెంగళూరు గీత నుంచి సగం కూడా రాకముందే ఉంటే కోల్‌కతా. ముప్పావు దూరంలో ఉంటే ఢాకా.

---

హనుమకొండ లెక్చరర్ · డిసెంబర్ 9, ఉదయం 6:15

దూరం ఎలా వస్తోందన్న దానికి నేను చెబుతాను, నేను ఫిజిక్స్ చెబుతాను కాబట్టి.

మీడియం వేవ్ పగలు నేలను అంటిపెట్టుకుని పోతుంది. వంద, రెండు వందల కిలోమీటర్లకు బలం అయిపోతుంది. పైకి వెళ్లిన భాగాన్ని 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో డి పొర అనేది మింగేస్తుంది. సూర్యరశ్మికి అక్కడి గాలి నుంచి ఎలక్ట్రాన్లు విడిపోతాయి. రేడియో తరంగం వాటిని ఊపుతుంది, అవి పక్కనున్న గాలి అణువులను గుద్దుకుని ఆ శక్తిని వేడిగా పోగొట్టేస్తాయి. అక్కడ గాలి ఇంకా చిక్కగానే ఉంటుంది, అందుకే ఈ గుద్దులాట ఎక్కువ.

పొద్దు గూకగానే ఆ ఎలక్ట్రాన్లు తిరిగి అణువుల్లో కలిసిపోతాయి, డి పొర దాదాపు మాయమవుతుంది. పైన ఎఫ్ పొర ఉంది, సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున. అక్కడ గాలి చాలా పలచన, ఎలక్ట్రాన్లకు కలిసే జోడు తొందరగా దొరకదు, కాబట్టి రాత్రంతా నిలబడుతుంది. తరంగం అక్కడిదాకా వెళ్లి కిందికి వంగుతుంది. ఒక్క గెంతులో వెయ్యి కిలోమీటర్లు దాటడం మామూలు.

ఆమె గొంతు దగ్గరికొచ్చి దూరం వెళ్లిందన్నావే, అదీ ఇందుకే. పై పొరలు కదలకుండా ఉండవు. వేర్వేరు దారుల్లో వచ్చిన తరంగాలు ఒకసారి కలిసి బలపడతాయి, ఒకసారి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

ఇంకో ఆధారం ఇస్తాను. బంగ్లాదేశ్ గడియారం మనకంటే అరగంట ముందు. ఆకాశవాణిలో కూడా అరగంటలకు వార్తలుంటాయి కాబట్టి గంట కొట్టిన చప్పుడొక్కటే చాలదు. అనౌన్సర్ టైం చెబితే పట్టుకో. బెంగాలీలో తొమ్మిది గంటలు అంటే ‘నొయ్‌టా’, పది అంటే ‘దొష్‌టా’. నీ గడియారంలో తొమ్మిదిన్నర అయినప్పుడు వాళ్లు ‘దొష్‌టా’ అన్నారంటే ఇంక అనుమానం అక్కర్లేదు.

---

ఒంగోలు గిత్త · ఉదయం 9:40

మేడం, ఎన్నాళ్లగానో అడగాలనుకుంటున్నది ఒకటి. మాకు విజయవాడ 837 పగలు చక్కగా వస్తుంది. రాత్రి ఎనిమిది దాటితే పాట నీళ్లలో మునిగినట్టు అయిపోతుంది, గొంతు వంకర పోతుంది. కానీ అనంతపురంలో ఉండే మా బావ మాత్రం రాత్రి విజయవాడ బాగుంటుందంటాడు. దగ్గరున్న మాకు పాడైపోయి దూరమున్న వాళ్లకు బాగుండడం ఏమిటి? రేడియో మార్చి చూశాను, అదే పరిస్థితి.

---

హనుమకొండ లెక్చరర్ · ఉదయం 10:05

మీ రేడియోది తప్పు కాదండీ, మీ ఊరు ఉన్న చోటు అలాంటిది. విజయవాడ నుంచి ఒంగోలు సూటిగా చూస్తే 125 కిలోమీటర్ల పైచిలుకు. పగలు నేల మీద వచ్చిన తరంగం ఒక్కటే మీకు చేరుతుంది. రాత్రి అదే స్టేషన్ పైనుంచి కూడా దిగుతుంది. మీ ఊరి దగ్గర రెండింటి బలం దాదాపు సమానం. ఒకటి సూటిగా వచ్చింది, ఇంకొకటి చుట్టు తిరిగి కాస్త ఆలస్యంగా వచ్చింది. రెండూ ఢీకొంటే గొంతు వంకర పోతుంది. మీ బావగారి దగ్గరికి నేల తరంగం చేరదు, పైనుంచి దిగేదొక్కటే వినిపిస్తుంది. అందుకే ఆయనకు బాగుంటుంది.

రాత్రిపూట మీరు వేరే స్టేషన్లో తెలుగు వెతుక్కోండి. హైదరాబాద్ 738 రెండు వందల కిలోవాట్లు, మీకు అంత ఇబ్బంది పెట్టకపోవచ్చు. విశాఖ 927 కూడా చూడండి.

---

ఒంగోలు గిత్త · ఉదయం 10:12

ఇరవై ఏళ్ల నుంచి స్టేషన్ వాళ్లు రాత్రిపూట పవర్ తగ్గిస్తారనుకుంటున్నాను. చాలా థ్యాంక్స్ మేడం. ఇవాళే 738 పెట్టి చూస్తాను.

---

బాయికాడి రేడియో · మధ్యాహ్నం 1:30

జగిత్యాల దగ్గర మా ఊరు. నాది రేడియో సైన్స్ కాదు, వ్యవసాయం. కానీ రాత్రి రేడియో గురించి నాకంటే ఎక్కువ విన్నవాళ్లు తక్కువే ఉంటారు.

అప్పట్లో మోటర్లకు కరెంటు రాత్రే ఇచ్చేవాళ్లు. ఒంటి గంటకో రెండింటికో లేచి టార్చి, రేడియో పట్టుకుని బాయి కాడికి పోయేవాణ్ణి. నీళ్లు ఒక మడి నుంచి ఇంకో మడికి మళ్లించాలె, పండుకుంటే గట్టు తెగిపోతది. ఆ చలిల తోడు రేడియోనే. స్టార్టర్ నొక్కిన మరుక్షణం రేడియో గుయ్యిమనేది. అందుకని మోటరుకు దూరంగా, నాలుగు మళ్ల అవతల వేపచెట్టు కొమ్మకు తగిలించేవాణ్ణి. అక్కడ శుభ్రంగా వినపడేది.

మన ఆకాశవాణి స్టేషన్లు రాత్రి పదకొండు దాటితే ముగిసేవి. ఆ తర్వాత నాకు దిక్కు నాగపూర్ 1566. వెయ్యి కిలోవాట్ల స్టేషన్ అది. 1988లో మొదలైన నేషనల్ ఛానల్ రాత్రంతా నడిచేది. హిందీ పాటలు, ఉర్దూ గజళ్లు, గంట గంటకు వార్తలు. నా హిందీ మొత్తం ఆ వేపచెట్టు కింద నేర్చుకున్నదే. ఈ ఏడాది మొదట్లో ఆ ఛానల్ ఆపేశారని తెలిసి నిజంగా బాధపడ్డా. ఇప్పుడు మా దగ్గర పగలు కూడా కరెంటు ఉంటుంది, రాత్రి పోవాల్సిన అవసరం లేదు. అయినా యాసంగి నాట్లప్పుడు రెండు మూడు రాత్రులు పోతా, రేడియో కోసం.

తమ్ముడూ, నువ్వు ఇంట్లో కూర్చుని వింటున్నట్టున్నావు. మేడ మీదికి పో, లేదా పొలానికి పో. తేడా నీకే తెలుస్తది.

---

గ్యాంగ్ కండెన్సర్ · మధ్యాహ్నం 2:10

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కరెంటు రాగానే మోత వచ్చిందన్నావుగా, దానికి కారణం రేడియో కాదు, నీ ఇల్లు. ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, టీవీ సెట్‌టాప్ బాక్సు, ఇన్వర్టరు, ఫ్యాను రెగ్యులేటరు. వీటి లోపల కరెంటును సెకనుకు వేలసార్లు తుంచి తుంచి ఇచ్చే సర్క్యూట్లుంటాయి. ఆ తుంపు మీడియం వేవ్ అంతటా చిమ్ముతుంది. మా రోజుల్లో గుండు బల్బు, ట్యూబులైటు చోకు తప్ప ఇంకేముండేవి!

దొంగను పట్టుకోవడం తేలిక. రేడియో బ్యాటరీ మీద పెట్టి, స్టేషన్ లేని చోట ముల్లు ఉంచి, చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరుగు. ఒక్కో స్విచ్ ఆపుతూ రా. ఏది ఆపినప్పుడు మోత ఠక్కున తగ్గిందో అదే. మా ఇంట్లో అది దేవుడి గదిలోని చిన్న ఎల్ఈడీ దీపం. రెండు రోజులు వెతికాను.

---

డాల్ఫిన్స్ నోస్ · సాయంత్రం 5:45

కరెంటు మాట వచ్చింది కాబట్టి చెప్పకుండా ఉండలేను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మా విశాఖ మీదికొచ్చింది. ఆ తర్వాత కొన్ని రోజులు మా గాజువాక వైపు కరెంటు లేదు, ఫోన్లు లేవు. మూడో రోజు రాత్రి మేడ మీద, విరిగిపడ్డ కొబ్బరిమట్టల మధ్య కూర్చుని చిన్న ట్రాన్సిస్టర్ పెట్టాను. అంత నిశ్శబ్దమైన బ్యాండ్ నా జీవితంలో మళ్లీ వినలేదు. ఊరు మొత్తంలో ఒక్క బల్బు వెలగడం లేదు కదా. స్టేషన్‌కి, స్టేషన్‌కి మధ్య గాలి చప్పుడు కూడా లేదు. విజయవాడ వార్తల్లో మా ఊరి పేరు విన్నాం. కింద నుంచి పక్కింటివాళ్లు ఒక్కొక్కరే మేడ ఎక్కి వచ్చి చుట్టూ కూర్చున్నారు.

ఆ రాత్రే మొదటిసారి 684 మీద పోర్ట్ బ్లెయిర్ పట్టుకున్నాను. మాకు సుమారు 1200 కిలోమీటర్లు, మధ్యలో నీళ్లు తప్ప ఇంకేమీ లేదు. అప్పటినుంచి ఏటా చలికాలం దానికోసం వెతుకుతాను. చలికాలంలో రాత్రి పెద్దది, ఉరుములూ ఉండవు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఎక్కడో మెరుపు మెరిసినా ఇక్కడ చిటపటమంటుంది.

---

డల్లాస్ నెల్లూరోడు · రాత్రి 8:20

ఇక్కడ టెక్సాస్‌లో కారు రేడియోతోనే నా వేట. ఆఫీసు నుంచి రాత్రి ఆలస్యంగా వచ్చేటప్పుడు నాష్‌విల్ 650, న్యూఆర్లీన్స్ 870, సెయింట్ లూయిస్ 1120 వింటాను. అన్నీ యాభై కిలోవాట్ల స్టేషన్లు. ఇక్కడ చిన్న స్టేషన్లు చాలావరకు సాయంత్రం కాగానే పవర్ తగ్గించాలి, కొన్ని పూర్తిగా ఆపేయాలి. లేకపోతే రాత్రి అవి ఎక్కడెక్కడికో పోయి ఒకదాని మీద ఒకటి పడతాయి.

విదేశాల నుంచి ఇంటికి రేడియో తెచ్చేవాళ్లకు ఒక్క మాట. మా నాన్నకు ఇక్కడి నుంచి ఒక డిజిటల్ రేడియో తెచ్చాను. వారం తర్వాత ఫోన్‌లో ‘ఒరే, నీ రేడియోలో విజయవాడ సరిగ్గా రావడం లేదు, ఈల వేస్తోంది’ అన్నారు. ఆరు నెలలకు మళ్లీ నెల్లూరు వెళ్లినప్పుడు చూస్తే సంగతి అర్థమైంది. అమెరికాలో స్టేషన్లు 10 కిలోహెర్ట్జ్ ఎడంతో ఉంటాయి, మన దగ్గర 9. ఆ రేడియో 830, 840 అంటూ దూకుతోంది, 837 దగ్గర ఆగదు. సెట్టింగ్‌లో 10 బదులు 9 పెట్టగానే అన్నీ వచ్చేశాయి. చాలా రేడియోల్లో ఈ మార్పు ఉంటుంది, మాన్యువల్ చూడాలి. కొనేముందే అడగండి. ఆ ఆరు నెలలు నాన్న రేడియో పక్కన పెట్టేశారన్నది ఇప్పటికీ మనసులో ఉంది.

---

రాజంపేట టు కువైట్ · రాత్రి 9:05

అన్నా, మీకు నెల్లూరు అయినా వెళ్లినప్పుడు వస్తుంది. కువైట్‌లో నాకు మన దేశం నుంచి గట్టిగా దొరికేది రాజ్‌కోట్ 1071 ఒక్కటే, అదీ వెయ్యి కిలోవాట్లు కాబట్టి. ఉర్దూ ప్రోగ్రాం వస్తుంది. కడప 900 కోసం నాలుగేళ్లుగా చూస్తున్నాను. ఇంతవరకు దొరకలేదు. రూంలో అందరూ యాప్‌లో వినరాదా అంటారు. యాప్‌లో వింటాను కూడా. కానీ మా ఊరి నుంచి గాలిలో వచ్చింది వినాలని ఉంది.

---

పలకల ఊరు · డిసెంబర్ 10, ఉదయం 7:30

ఇంతమంది రాస్తారనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి మేడ మీద చేసిన పని చెబుతాను.

కాగితం అతికించి బెంగళూరుకు, చెన్నైకి గీతలు పెట్టాను. రెంటి మధ్య దూరం సరిగ్గా 12 మిల్లీమీటర్లు. బెంగాలీ స్టేషన్ బెంగళూరు గీత నుంచి 9 మిల్లీమీటర్ల దగ్గర పడింది, అంటే ముప్పావు. కానీ చెన్నై పక్కనే గట్టిగా ఉండి దీని మీద పడుతోంది, మాటలు విడిగా వినపడటం లేదు. టైం చెప్పారో లేదో తెలియలేదు.

---

గ్యాంగ్ కండెన్సర్ · ఉదయం 8:00

9 మిల్లీమీటర్లు! అయితే 693 దగ్గరే ఉన్నావు బాబూ.

చెన్నైని తగ్గించే ఉపాయం నీ చేతిలోనే ఉంది. ఫెర్రైట్ రాడ్ తన పక్కభాగం ఎటు చూస్తే అటు బాగా లాగుతుంది, తన మొన ఎటు చూస్తే అటు దాదాపు చెవుడు. నీ రేడియోలో రాడ్ పొడుగు వాటంగా పడుకుని ఉంటుంది. కాబట్టి రేడియో ఒక చివర చెన్నై వైపు, అంటే మీకు దక్షిణం నుంచి కాస్త తూర్పుకు తిప్పి పెట్టు. కొంచెం కొంచెంగా తిప్పితే ఒక చోట చెన్నై బాగా పడిపోతుంది. ఈశాన్యం నుంచి వచ్చేది అలాగే నిలుస్తుంది. కోల్‌కతా, ఢాకా రెండూ నీకు ఈశాన్యమే కాబట్టి వాటిని దిక్కుతో విడదీయలేవు, దానికి మేడం గారు చెప్పిన టైమే ఆధారం.

ఇంకా బలం కావాలంటే లూప్ ఏరియల్ కట్టు. రెండడుగుల చదరం చెక్క ఫ్రేము తీసుకుని మామూలు ప్లాస్టిక్ తొడుగు వైరు పన్నెండు, పదమూడు చుట్లు, చుట్టుకూ చుట్టుకూ పావు అంగుళం ఎడం ఇస్తూ చుట్టు. రెండు కొసలూ పాత రేడియో నుంచి తీసిన గ్యాంగ్‌కి (స్టేషన్ మార్చడానికి తిప్పే కండెన్సర్) కలుపు, అంతే. రేడియోకి వైరు కలపక్కర్లేదు. లూప్ పక్కన రేడియో పెట్టి గ్యాంగ్ తిప్పు. స్టేషన్ దగ్గరికి రాగానే ఒక్కసారిగా పొంగుతుంది. బ్యాండ్ కింది చివర అందకపోతే ఒక చుట్టు కలుపు, పై చివర అందకపోతే ఒకటి తియ్యి. గ్యాంగ్ దొరక్కపోతే చెప్పు, నా దగ్గర డబ్బా నిండా ఉన్నాయి, పోస్టులో పంపుతాను.

---

ఒంగోలు గిత్త · ఉదయం 8:25

738 అద్భుతంగా వచ్చింది మేడం! పాట మొదటి నుంచి చివరి దాకా ఒక్క వంకర లేదు. మధ్యలో ఇంకోటి గమనించాను. కొన్ని స్టేషన్ల పక్కన జల్లెడ పట్టినట్టు ‘ష్...’ అని ఒకటే రొద. అది కూడా మా ఇంటి బల్బులేనా?

---

హనుమకొండ లెక్చరర్ · ఉదయం 8:40

అది బల్బు కాదండీ. కొన్ని ట్రాన్స్‌మిటర్లు మామూలు ప్రసారం పక్కనే డీఆర్ఎం అనే డిజిటల్ ప్రసారం కూడా పంపుతున్నాయి. ఆ రకం రేడియో ఉన్నవాళ్లకు అందులో శుభ్రమైన గొంతు వినిపిస్తుంది. మన మామూలు రేడియోకి అది రొదే. మేడ మీదికెళ్లినా తగ్గదు, దానితో గుర్తుపట్టవచ్చు.

---

పలకల ఊరు · రాత్రి 9:58

దొరికింది!!

చేతులు ఇంకా వణుకుతున్నాయి, అందుకే వెంటనే రాస్తున్నాను. రేడియో చివర చెన్నై వైపు తిప్పాను. సుమారు గుడిగోపురం కనిపించే దిక్కు. ఒక చోట చెన్నై గుసగుసలా అయిపోయింది, ఆమె గొంతు పైకి తేలింది. తొమ్మిదిన్నరకు ముందు పాట ఆగింది. గంట చప్పుడు. ఆమె ఏదో చెప్పి ‘దొష్‌టా’ అంది. నా ఫోన్‌లో 9:30. ఆ వెంటనే ‘బంగ్లాదేశ్ బేతార్’ అని స్పష్టంగా, రెండు సార్లు. నాన్నమ్మ కూడా మెట్లెక్కి వచ్చి కూర్చుంది. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా వార్తలు అయ్యేదాకా లేవలేదు.

మ్యాప్‌లో చూస్తే ఢాకా మాకు 1400 కిలోమీటర్ల పైనే.

---

హనుమకొండ లెక్చరర్ · రాత్రి 10:04

శభాష్ నాన్నా! ‘బే’ అంటే లేని, ‘తార్’ అంటే తీగ. తీగ లేనిది అని వాళ్ల రేడియో పేరు.

---

డాల్ఫిన్స్ నోస్ · రాత్రి 10:15

అభినందనలు తమ్ముడూ. ఒక నోటు పుస్తకం పెట్టుకో. తేదీ, టైం, ఫ్రీక్వెన్సీ, ఏం విన్నావు, ఎలా వినిపించింది, అన్నీ రాసుకో. ఆ వివరాలతో స్టేషన్‌కు ఉత్తరం రాస్తే కొందరు క్యూఎస్ఎల్ కార్డు పంపుతారు, అంటే నువ్వు విన్నది తమ స్టేషనేనని ధ్రువీకరించే కార్డు. ‘బాగా వచ్చింది’ అని రాస్తే చాలదు. ఏ పాట తర్వాత ఏ మాట వచ్చిందో రాస్తేనే వాళ్లు సరిచూసుకోగలరు.

ఇప్పుడు 693 నుంచి ఒక్క గీత కిందికి రా. అక్కడే 684. మీ ఊరికి పోర్ట్ బ్లెయిర్ దాదాపు సూటిగా తూర్పున ఉంటుంది, కాస్త దక్షిణానికి. ఢాకా గట్టిగా ఉంటే పక్కనున్నది వినడం కష్టమే, కానీ లూప్ కట్టాక ప్రయత్నించు.

---

పలకల ఊరు · రాత్రి 10:22

నోటు పుస్తకం తాతయ్యది ఒకటి అదే అటక మీద ఉంది అన్నా. సగం ఖాళీ. అందులోనే మొదలుపెట్టాను. గ్యాంగ్ కండెన్సర్ మాస్టారూ, మా ఊళ్లో గ్యాంగ్ దొరకలేదు. మీకు అడ్రస్ మెసేజ్‌లో పెడతాను.

---

గ్యాంగ్ కండెన్సర్ · రాత్రి 10:25

పెట్టు బాబూ. రేపు పోస్టాఫీసు తెరవగానే పంపుతాను. రెండు పంపుతాను, ఒకటి కువైట్ అబ్బాయి ఈసారి రాజంపేట వచ్చినప్పుడు తీసుకుంటాడు.